పదో తరగతి దాటాక గణిత ఒలింపియాడ్‌: ఆలస్యమైనా అవకాశం ఉంది

* ఇంటర్‌ ముంగిట మొదలుపెట్టినా రెండు ప్రయత్నాలు
* సిలబస్‌ కన్నా ఆలోచనకే పెద్దపీట
* మన్యం విద్యార్థులకు మార్గదర్శనం

మారేడుమిల్లి: లెక్కల్లో నూటికి తొంభై దాటి మార్కులు తెచ్చుకునే విద్యార్థులు మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లోనూ, గురుకులాల్లోనూ ఉన్నారు. కానీ గణిత ఒలింపియాడ్‌ అనే పోటీ ఒకటి ఉందని, దానికి తామూ అర్హులమేనని తెలిసేసరికి పదో తరగతి పూర్తయిపోవడం ఇక్కడ సాధారణం. నగరాల్లో కొందరు పిల్లలు ఆరేడు తరగతుల నుంచే సాధన చేస్తున్నారని వినగానే ‘ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం’ అన్న నిరుత్సాహం ఆవరిస్తుంది. ఇది సగం మాత్రమే నిజం. ఆలస్యంగా వచ్చినవారు అన్ని మెట్లూ ఎక్కడం కష్టమే. అయితే తొలి మెట్టుకు కావలసిన పాఠ్యాంశాల్లో అధిక భాగం పదో తరగతి నాటికే చేతికి అంది ఉంటుంది. కొరవడేది పాఠం కాదు, ఒకే లెక్క దగ్గర ఓపికగా కూర్చునే అలవాటు. ఆ అలవాటుకు కోచింగ్‌ కేంద్రం అక్కర్లేదు.

ఏమిటీ పోటీ?

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌ 1959లో రుమేనియాలో మొదలైంది. భారత్‌ 1989 నుంచి పాల్గొంటోంది. 1996లో ఈ పోటీలకు ముంబయి వేదికగా నిలిచింది. 2024లో బ్రిటన్‌లోని బాత్‌ నగరంలో జరిగిన పోటీలో మన జట్టు 4 బంగారు పతకాలు గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. 2025లో ఆస్ట్రేలియాలో 3 బంగారు పతకాలు దక్కాయి.

ఆరుగురు సభ్యుల ఈ జట్టును ఎంపిక చేసే బాధ్యతను జాతీయ ఉన్నత గణిత మండలి తరఫున ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం నిర్వహిస్తోంది. ఎంపిక అంచెలంచెలుగా సాగుతుంది.

తొలి మెట్టు ఐఓక్యూఎం. గతంలో ప్రీ-ఆర్‌ఎంఓ పేరిట జరిగిన పరీక్ష స్థానంలో ఇది వచ్చింది. 3 గంటల వ్యవధి, 30 ప్రశ్నలు, 100 మార్కులు. పది ప్రశ్నలకు రెండేసి, పదింటికి మూడేసి, పదింటికి ఐదేసి మార్కులు. ప్రతి సమాధానం 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యే. తప్పు రాసినా మార్కులు తగ్గించరు. 2024లో సెప్టెంబరు 8న, 2025లో సెప్టెంబరు 7న ఈ పరీక్ష జరిగింది.

రెండో మెట్టు ప్రాంతీయ గణిత ఒలింపియాడ్‌, అంటే ఆర్‌ఎంఓ. 3 గంటల్లో 6 ప్రశ్నలు. ఇక్కడ సమాధానం మాత్రమే రాస్తే చాలదు, పూర్తి నిరూపణ ఇవ్వాలి. మూడో మెట్టు జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ. జనవరిలో జరుగుతుంది. నాలుగున్నర గంటల్లో 6 ప్రశ్నలు. అందులో ప్రతిభ చూపినవారికి వేసవిలో శిక్షణ శిబిరం నిర్వహించి, అక్కడి నుంచి జట్టును ఎంపిక చేస్తారు.

ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే విద్యార్థులు వయోపరిమితికి లోబడి అర్హులు. మన ఇంటర్మీడియట్‌ మొదటి, రెండో సంవత్సరాలు వరుసగా 11, 12 తరగతులతో సమానం. పన్నెండో తరగతి వారికి పై మెట్లకు వెళ్లే స్థానాలు పరిమితమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

పేర్లు చూసి పొరబడవద్దు

ఒలింపియాడ్‌ పేరుతో కొన్ని ప్రైవేటు సంస్థలు ఒకటో తరగతి నుంచే పాఠశాలల ద్వారా పరీక్షలు నిర్వహిస్తున్నాయి. పతకాలు, ప్రశంసాపత్రాలు ఇస్తున్నాయి. పిల్లల్లో ఉత్సాహం నింపడానికి అవి పనికిరావచ్చు. అయితే దేశం తరఫున జట్టును ఎంపిక చేసే ప్రక్రియతో వాటికి సంబంధం లేదు. రుసుము కట్టేముందు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ తేడాను గమనించాలి.

గణితంలో దిట్ట అనగానే మనకు క్షణాల్లో గుణకారాలు చేసి చెప్పేవారే గుర్తుకొస్తారు. కడప జిల్లాకు చెందిన గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ ఆ విద్యలో అపార కీర్తి గడించారు. అదొక అద్భుత ప్రతిభ. ఒలింపియాడ్‌ కోరేది మాత్రం వేరు. ఇక్కడ వేగం కన్నా తర్కం ప్రధానం. అబాకస్‌, వేగ గణితం నేర్వలేదని చింతించనక్కర్లేదు.

ఒక్కో ప్రశ్నకు ఎంత సమయం?

తేడా ఎక్కడుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఏపీ ఈఏపీసెట్‌ ఇంజినీరింగ్‌ పరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు సుమారు 67 సెకన్లు. ఐఓక్యూఎంలో ఒక్కో ప్రశ్నకు 6 నిమిషాలు. ఆర్‌ఎంఓలో అరగంట. ఐఎన్‌ఎంఓలో 45 నిమిషాలు. అంతర్జాతీయ పోటీలో రోజుకు నాలుగున్నర గంటల చొప్పున రెండు రోజులు పరీక్ష ఉంటుంది. రోజుకు మూడే ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి గంటన్నర.

పదేళ్లుగా నిమిషానికో లెక్క చేయడం అలవాటైన విద్యార్థికి అరగంటపాటు ఒకే ప్రశ్న ముందు కూర్చోవడం శిక్షలా తోస్తుంది. ఐదు నిమిషాల్లో దారి కనిపించకపోతే ‘ఇది నాకు రాదు’ అని పక్కన పెట్టేస్తాడు. ఆలస్యంగా మొదలుపెట్టినవారు ముందుగా మార్చుకోవలసింది ఈ స్వభావాన్నే. రోజుకు ఇరవై లెక్కలు చేయడం కన్నా, ఒక్క లెక్కను నలభై నిమిషాలు పట్టువిడవక ప్రయత్నించడం మేలు. అది తేలకపోయినా ఆ శ్రమ వృథా కాదు. పరిష్కారం చదివినప్పుడు తాను ఎక్కడ ఆగిపోయిందీ స్పష్టంగా అర్థమవుతుంది.

ఏం చదవాలి?

పోటీలో నాలుగే విభాగాలు ఉంటాయి. సంఖ్యా సిద్ధాంతం, బీజగణితం, రేఖాగణితం, లెక్కింపు గణితం. చివరిదాన్నే కాంబినటోరిక్స్‌ అంటారు. కలన గణితం అవసరం లేదు. ఇంటర్‌లో కొత్తగా చేరినవారికి ఇది ఊరట కలిగించే అంశం.

* సంఖ్యా సిద్ధాంతంలో భాజనీయత, ప్రధాన సంఖ్యలు, గ.సా.భా, శేషాల గణితం ముందుగా పట్టుకోవాలి. తక్కువ కాలంలో ఎక్కువ ఫలితమిచ్చే విభాగమిదే.
* బీజగణితంలో వర్గ సమీకరణాలు, బహుపదుల మూలాలు, శ్రేఢులు, అంకమధ్యమానికీ గుణమధ్యమానికీ గల అసమానత ముఖ్యం.
* రేఖాగణితంలో సరూప త్రిభుజాలు, వృత్తంలోని కోణాలు, చక్రీయ చతుర్భుజాలు చూడాలి. పదో తరగతి సిద్ధాంతాలను నిరూపణలతో సహా తిరగేస్తే పునాది పడుతుంది.
* లెక్కింపు గణితంలో ప్రస్తారాలు, సంయోగాలతోపాటు పావురాల గూళ్ల సూత్రం తెలిసి ఉండాలి.

అన్నింటినీ సమానంగా చదవాలని కూర్చుంటే ఏదీ పూర్తికాదు. వ్యవధి తక్కువ ఉన్నవారు సంఖ్యా సిద్ధాంతం, లెక్కింపు గణితంతో ఆరంభించి, బీజగణితాన్ని కలుపుకొంటూ, రేఖాగణితాన్ని వారానికి రెండు లెక్కల చొప్పున నెమ్మదిగా సాధించడం మంచిది. తొలి మెట్టులో 30 ప్రశ్నలూ చేయాలన్న నియమం లేదు. చేసినవి సరిగ్గా చేయడమే ముఖ్యం.

మూడు మచ్చు లెక్కలు

మొదటిది: 7ను 2025 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో చివరి రెండు అంకెలు ఏవి? అంత పెద్ద సంఖ్యను రాయడం ఎవరి తరమూ కాదు. అయితే 7ను నాలుగుసార్లు గుణిస్తే 2401. చివరి రెండు అంకెలు 01. కాబట్టి ప్రతి నాలుగు గుణకారాలకు ఒకసారి చివరి అంకెలు మళ్లీ 01కే చేరుకుంటాయి. 2025ను 4తో భాగిస్తే శేషం 1. అందుచేత సమాధానం 07. రెండు వరుసల్లో తేలిపోయే ఈ లెక్క ఐఓక్యూఎం తరహాకు చక్కని ఉదాహరణ.

రెండోది: చింతపండును 5 కిలోల, 7 కిలోల సంచుల్లోనే నింపాలి. ఏ సంచీలోనూ వెలితి ఉండరాదు. ఈ విధంగా నింపడానికి వీలుకాని బరువుల్లో అతిపెద్దది ఎన్ని కిలోలు? ముందు చేతితో ప్రయత్నించి చూడాలి. 23 కిలోలు తీసుకుందాం. అందులోంచి 7 కిలోల సంచులు ఒకటి, రెండు, మూడు తీసేస్తే వరుసగా 16, 9, 2 మిగులుతాయి. ఇవేవీ 5 గుణిజాలు కావు. అసలు తీయకపోయినా 23 అయిదు గుణిజం కాదు. కనుక 23 కుదరదు. ఇక 24 అంటే రెండు ఐదులు, రెండు ఏడులు. 25 అంటే ఐదు ఐదులు. 26 అంటే ఒక ఐదు, మూడు ఏడులు. 27 అంటే నాలుగు ఐదులు, ఒక ఏడు. 28 అంటే నాలుగు ఏడులు. వరుసగా ఐదు బరువులు కుదిరాయి. వీటికి 5 కిలోల సంచులు చేర్చుకుంటూ పోతే ఆపై బరువులన్నీ కుదురుతాయి. కాబట్టి సమాధానం 23. ప్రయోగం, ఊహ, నిరూపణ అనే మూడు దశలూ ఇందులో ఉన్నాయి.

మూడోది నిరూపణకు సంబంధించినది. ఏవైనా ఐదు పూర్ణసంఖ్యలు తీసుకుంటే, వాటిలో ఏదో ఒక మూడింటి మొత్తం తప్పక 3తో భాగింపబడుతుందని చూపాలి. ఏ సంఖ్యనైనా 3తో భాగిస్తే శేషం 0, 1, 2లలో ఒకటే. ఐదు సంఖ్యల్లో మూడు రకాల శేషాలూ ఉంటే ఒక్కో రకం నుంచి ఒక్కో సంఖ్య తీసుకోవాలి. అప్పుడు శేషాల మొత్తం 3. లేదంటే శేషాలు గరిష్ఠంగా రెండు రకాలే. ఐదు సంఖ్యలు రెండు రకాల్లో సర్దుకున్నప్పుడు కనీసం మూడింటికి ఒకే శేషం ఉంటుంది. ఆ మూడింటి మొత్తం కూడా 3తో భాగింపబడుతుంది. ఇంతే నిరూపణ. ఇందులో తొమ్మిదో తరగతి విద్యార్థికి తెలియని విషయం ఒక్కటీ లేదు. అయినా తొలిసారి చూసినవారికి అరగంట పట్టవచ్చు.

క్యాలెండర్‌ ఇలా వేసుకోవాలి

పదో తరగతి పరీక్షలు మార్చిలో ముగిసిన విద్యార్థికి సెప్టెంబరు నాటి తొలి ప్రయత్నానికి ఐదు నెలలు, మరుసటి ఏడాది రెండో ప్రయత్నానికి పదిహేడు నెలలు చేతిలో ఉంటాయి. తొలి ప్రయత్నాన్ని పరీక్ష తీరు తెలుసుకోవడానికి, రెండోదాన్ని ఫలితం కోసం ఉద్దేశించుకుంటే ఒత్తిడి ఉండదు. ఇంటర్‌ రెండో సంవత్సరంలో మొదలుపెట్టేవారికి ఒకే అవకాశం. వారు తొలి మెట్టు దాటడమే లక్ష్యంగా పెట్టుకోవడం వాస్తవికం.

మన్యంలో మరో సంగతి ఉంది. జూన్‌లో బడులు తెరిచిన నాటి నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు మూడు నెలలైనా ఉండవు. అదే వానల కాలం. జ్వరాల కాలం కూడా. కరెంటు, సెల్‌ఫోన్‌ సిగ్నల్‌ ఎప్పుడు పోతాయో తెలియదు. అందుచేత అసలు సాధన వేసవి సెలవుల్లోనే జరగాలి. ఇళ్లకు వెళ్లే పిల్లలకు ఉపాధ్యాయుడు 60 లెక్కలు రాసిన ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపితే చాలు. రోజుకొకటి చొప్పున రెండు నెలలకు సరిపోతాయి. ఇంటి పనుల్లో, అటవీ ఫలసాయం సేకరణలో పెద్దలకు సాయపడుతూనే లెక్కను మనసులో తిప్పుకోవచ్చు. ఇంటర్‌నెట్‌ లేకపోవడం ఇక్కడ లోపం కాదు. పరిష్కారం వెంటనే చూసే వీలు లేనప్పుడే పట్టుదల అలవడుతుంది.

ఇంటర్‌ చదువును, ప్రవేశ పరీక్షలను పక్కనపెట్టి దీని వెంటపడటం తగదు. రోజుకు గంట, ఆదివారం మరో రెండు గంటలు కేటాయిస్తే సరిపోతుంది.

భాష అడ్డంకిని దాటేదెలా?

కోయ పిల్లలు ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్‌ ఎదుర్కొంటున్నారు. ఒలింపియాడ్‌ ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక మార్కులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఊరట ఏమిటంటే గణిత ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చే పదాలు వంద, నూట యాభైకి మించవు. శేషం అంటే రిమైండర్‌, భాజకం అంటే డివైజర్‌, పూర్ణసంఖ్య అంటే ఇంటీజర్‌, సరూప త్రిభుజాలంటే సిమిలర్‌ ట్రయాంగిల్స్‌. ఇలా ఒక పట్టిక రాసుకుని గోడకు అంటించుకోవాలి. రాష్ట్రంలో 2020-21 నుంచి ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లిష్‌ ఉండేలా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. గణిత పదాలు నేర్వడానికి వీటికి మించిన సాధనం లేదు. సోదరుల పాత పుస్తకాలైనా సరే, దాచుకోవాలి.

తెలుగులో లెక్క కొత్తదేమీ కాదు. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన శతాబ్దాల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో ఆలోచించి, తెలుగులో నిరూపణ చిత్తు రాసుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడంలో తప్పులేదు. ఆలోచనకు భాష ఏదైనా ఒకటే.

పుస్తకాలు, వనరులు

* కృష్ణమూర్తి, ప్రాణేశాచార్‌, రంగనాథన్‌, వెంకటాచల రచించిన ‘చాలెంజ్‌ అండ్‌ థ్రిల్‌ ఆఫ్‌ ప్రీ-కాలేజ్‌ మ్యాథమెటిక్స్‌’ దేశంలో ఈ పోటీలకు వాడుకలో ఉన్న ప్రామాణిక పుస్తకం.
* పుణెలోని భాస్కరాచార్య ప్రతిష్ఠాన్‌ ప్రచురించిన ‘ఎన్‌ ఎక్స్‌కర్షన్‌ ఇన్‌ మ్యాథమెటిక్స్‌’ మరొకటి.
* హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా లభిస్తాయి. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు ఐదారేళ్ల పత్రాలు ముద్రించి తెచ్చుకుంటే ఏడాదికి సరిపోతాయి.

పుస్తకాలు పోగేయడం సాధన కాదు. ఒక పుస్తకం, పాత పత్రాలు చాలు. 1903 ప్రాంతంలో కుంభకోణంలో పదహారేళ్ల శ్రీనివాస రామానుజన్‌ చేతికి చిక్కింది కార్‌ అనే ఆంగ్లేయుడి సిద్ధాంతాల సంకలనం ఒక్కటే. అందులో వేల సూత్రాలకు వివరణలు అంతంతమాత్రమే. వాటిని తనకు తాను నిరూపించుకుంటూ పోవడమే ఆయన చదువైంది.

ఉపాధ్యాయులు ఏం చేయవచ్చు?

ఈ పరీక్షకు నమోదు పాఠశాలల ద్వారా, గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా జరుగుతుంది. ప్రకటన వెలువడిన కొద్ది వారాల్లోనే గడువు ముగుస్తుంది. విద్యార్థి ఎంత సిద్ధపడినా ఆ గడువు దాటితే ఏడాది పోయినట్టే. అందువల్ల ప్రధానోపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు జూన్‌ నుంచే ప్రకటన కోసం ఎదురుచూడాలి. మారేడుమిల్లిలోని ఏకలవ్య ఆదర్శ గురుకుల పాఠశాల వంటి విద్యాలయాలు చొరవ చూపితే చుట్టుపక్కల బడుల పిల్లలకూ దారి ఏర్పడుతుంది. పరీక్ష కేంద్రం మైదాన ప్రాంతంలో ఉంటే ముందురోజే ఘాట్‌ దిగి అక్కడ బస చేసేలా ఐటీడీఏ అధికారుల సాయంతో ఏర్పాట్లు చేయడం అవసరం.

ఉపాధ్యాయుడికి అన్ని లెక్కలూ రావాలన్న నియమం లేదు. సోమవారం నల్లబల్లపై ఒక ప్రశ్న రాసి, శనివారం వరకు చెరపకుండా ఉంచడం మంచి ఆరంభం. తనకూ తెలియని లెక్కను పిల్లలతో కలిసి ప్రయత్నించే ఉపాధ్యాయుడు వారికి తెలియకుండానే అసలు పాఠం నేర్పుతాడు. నలుగురైదుగురు కలిసి కూర్చుని ఒకరి నిరూపణను మరొకరు పరీక్షించుకుంటే రాసే తీరూ మెరుగుపడుతుంది.

గెలవకపోతే శ్రమ వృథాయేనా?

కాదు. కోల్‌కతా, బెంగళూరుల్లో ఉన్న భారతీయ గణాంక సంస్థ, చెన్నై గణిత సంస్థ నిర్వహించే డిగ్రీ ప్రవేశ పరీక్షల్లో నిరూపణలు అడుగుతారు. ఒలింపియాడ్‌ సాధన అక్కడ నేరుగా పనికొస్తుంది. మార్కుల పట్టికకు మాత్రమే పరిమితం కాని గణిత చదువులు ఉన్నాయని తెలియడమే మన్యం విద్యార్థికి ఒక లాభం.

దక్షిణ కొరియాకు చెందిన జూన్‌ హు ఉదంతం ఇందుకు తార్కాణం. మాధ్యమిక పాఠశాలలో ఉండగా గణిత పోటీల్లో చేరాలని ఆయన ఉబలాటపడితే, ఇప్పుడు మొదలుపెట్టడం ఆలస్యమని ఉపాధ్యాయుడు చెప్పారట. ఆ తర్వాత కవి కావాలని ఉన్నత పాఠశాల చదువు మానేశారు. విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చదువుతూ చివరి రోజుల్లో గణితం వైపు మళ్లారు. అమెరికాలో పరిశోధనకు దరఖాస్తు చేస్తే ఒక్క విశ్వవిద్యాలయం తప్ప అన్నీ తిరస్కరించాయి. 2022లో ఆయనకే గణితంలో అత్యున్నత పురస్కారమైన ఫీల్డ్స్‌ పతకం లభించింది. ఆలస్యంగా వచ్చిన ప్రతి ఒక్కరికీ అలా జరుగుతుందని కాదు. పోటీకి గడువు ఉంటుంది, గణితానికి ఉండదు.

ఈ వారం చేయవలసినవి

* సొంత తరగతి, పుట్టిన తేదీ ఆధారంగా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో లెక్క వేసుకోవాలి.
* ఐఓక్యూఎం పాత పత్రం ఒకటి సంపాదించి, గడియారం పక్కన పెట్టకుండా ఒకసారి ప్రయత్నించాలి. ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు, ఏ విభాగంలో వచ్చాయో రాసుకోవాలి.
* గణిత పదాల పట్టిక మొదలుపెట్టాలి.
* నమోదు ఎవరు చేస్తారో పాఠశాల లేదా కళాశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.
* రాత్రి పడుకునేముందు ఒకే ఒక్క లెక్క తీసుకుని నలభై నిమిషాలు కూర్చోవాలి. మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.